నస్పూర్ తిమోతికి సున్నా ఫిర్యాదులు

బొగ్గుగనుల ఊరు నస్పూర్‌లో ఉదయం ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి బూడిదరంగుకు తిరుగుతుంది. అలాంటి ఊళ్లో పగలంతా బల్లకింద గాలి పీల్చే కంప్యూటరు గతి ఏమిటో తిమోతికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ఊళ్లోని ఆస్పత్రి, బడులు, దుకాణాల మిషన్లు బాగుచేసే ఒక చిన్న కంపెనీలో పదిహేడేళ్లుగా అతని ఉద్యోగం. ప్రతి మంగళ, శుక్రవారాలు బ్లోయరు పట్టుకుని బయల్దేరి, ఒక్కో డబ్బా మూత విప్పి బొగ్గుదుమ్ము ఊదేసి వస్తాడు. ఎవరూ అడిగింది కాదు. తండ్రి అహరోను మెథడిస్టు చర్చిలో బెంచీలు తుడిచేవాడు. జనం రాకముందే తుడవాలనీ, వచ్చాక తుడిస్తే అది గొప్ప చూపించుకోవడమనీ ఆయన పట్టుదల. కొడుక్కీ అదే అబ్బింది. అతని చేతికింది మిషన్లు ఏడాదికి రెండో మూడో ఆగేవి, అంతే.

నిరుడు దాకా ఎవరు ఎక్కడికి పోవాలో ఆఫీసులో జమున చెప్పేది. ఎవరికి మోకాళ్ల నొప్పి, ఎవరికి ఏ వీధి తెలుసు, అన్నీ ఆమె తలలోనే ఉండేవి. తర్వాత హైదరాబాదు నుంచి ఇద్దరు టై కట్టుకుని వచ్చి, గోడమీద నాలుగు గంటలు బొమ్మలు చూపించి, ఆఫీసు కంప్యూటర్లో ఒక తెలివైన ఏఐ ఏజెంటును కూర్చోబెట్టి పోయారు. అది ఆలోచిస్తుందట, నేర్చుకుంటుందట, మనుషులను తానే పంచుతుందట. లోకంలో కూలీలకు పని పంచిన మేస్త్రీ ఎంత దుర్మార్గుడైనా ఒక్కపూట ఎండలో నిలబడి చూసినవాడే. దీనికి ఆ యోగమూ లేదు. మూడు నెలలు నేర్చుకుని అది తేల్చింది ఇదీ: నస్పూర్‌లో ఫిర్యాదులు సున్నా, కాబట్టి తిమోతి అనవసరం.

మేనేజరు ఓంప్రకాశ్ పిలిచి చెప్పాడు. "తిమోతన్నా, నెలకు ముప్పై ఫిర్యాదులు బాగుజేసి మూయకపోతే నీ పేరు తీసేస్తదట."

"నేను దుమ్ము దులుపుతున్న కాబట్టే ఫిర్యాదులు వస్తలేవు సార్."

"గది దానికి తెల్వదు."

"మీకు తెలుసు గద. జర చెప్పుండ్రి."

"ఫిర్యాదు లేని పని రాయనీకి దాంట్ల జాగ లేదన్నా. నేనేం జేస్త?"

వీధిలో దొంగతనం జరగలేదని కావలివాణ్ణి మాన్పించే తెలివి ఇది. దీన్ని కొనడానికి పెద్ద చదువులు చదవాలి.

బయట జమున ఆపింది. ఇప్పుడామె పని ఏజెంటు పంపే ఆజ్ఞలు చదివి వినిపించడం. "అన్నా, గా బ్లోయరు మూడు వారాలు ఇంట్ల పెట్టు. మిగతాది బొగ్గే చూసుకుంటది."

"గదేం పని చెల్లె, సిగ్గులేకుంట."

"సిగ్గుకు దాంట్ల జాగ ఉన్నదా?"

తిమోతి బ్లోయరు ఇంట్లో పెట్టాడు. మూడోవారం ఆస్పత్రిలో చీటీలిచ్చే మిషన్ వేడెక్కి ఆగిపోయింది. అతను వెళ్లేసరికి వరుస గేటుదాకా ఉంది. ముందున్న ముసలమ్మ శంకరవ్వ దగ్గు ఆపుకుని డబ్బావైపు చూసింది. "బిడ్డా, నా లెక్కనే అయింది దీనికి. దీనికైతే డాక్టరు జల్దినే వచ్చిండు."

తిమోతి వంగి డబ్బా మూత విప్పాడు. పదకొండు నిమిషాల్లో మిషన్ లేచింది. ఏజెంటు అతని పేరు పక్కన ఆకుపచ్చ చుక్క పెట్టింది. ఆ రాత్రే అతను ఇంట్లో బ్లోయరు దించి తుడిచాడు.

మర్నాటినుంచి ఆస్పత్రికీ బడులకూ బ్లోయరు మళ్లీ వెళ్లింది. ఒక్కచోటికే వెళ్లలేదు, సొంత కంపెనీ ఆఫీసుకు. అక్కడ ఎనిమిది మిషన్లు, ఒక ప్రింటరు. దుమ్ముకు అవి ఒక్కొక్కటే ఆగడం మొదలైంది. ఫిర్యాదులో మిషన్ ఫ్యాను అని రాస్తే ఫ్యానే తుడిచేవాడు, కీబోర్డు అని రాస్తే కీబోర్డే. పక్కనున్నదానికి మరో ఫిర్యాదు రావాలి. నెలాఖరుకు ముప్పై నాలుగు మూశాడు. ఏజెంటు అతణ్ణి ఉత్తమ ఉద్యోగి అన్నది. ఆఫీసు కష్టాలు పెరిగాయని గమనించి, కాగజ్‌నగర్‌లో కంపెనీకున్న ఇంకో మనిషిని తోడు పంపమని సలహా కూడా ఇచ్చింది.

ఓంప్రకాశ్ చెమట తుడుచుకుంటూ నల్లబడ్డ తెరముందు కూర్చున్నాడు. "పొద్దుగాల నుంచి ఇది మూడోసారన్నా. మొత్తం ఒక్కసారే దులపరాదు?"

తిమోతి సంచీ కింద పెట్టలేదు. "ఫిర్యాదు రాసిన్రా సార్?"