జోడీ డిస్కులు

బళ్ళ షెడ్డులో ఆయన్ని అందరూ జోడీ మేస్త్రి అంటారు. ఒక పక్క బ్రేకు అరిగినా రెండు పక్కలా మార్చందే బండి బయటికి వదలడు. "ఒకటి కొత్తదీ ఒకటి పాతదీ అయితే బండి పక్కకి లాగుద్దిరా" అని ముప్పై ఏళ్ళుగా చెబుతున్నాడు. బళ్ళ విషయంలో ఆ మాట నిజమే.

భార్యకి గొంతులో రాచపుండు లేస్తే ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. అంతకుముందు ఆవిడ మాట్లాడ్డం మొదలెడితే మేస్త్రికి ఊ కొట్టడమే ఉద్యోగం. ఇప్పుడేం కావాలన్నా నోటుబుక్కులో రాసి చూపిస్తుంది. పాత ఫోన్లలో మాత్రం ఆవిడ గొంతు రికార్డయి మిగిలింది. ఇంటికెందుకు రాలేదన్న తిట్లు, కూతురికి చిన్నప్పుడు చెప్పిన కథలు. ఆవిడ బాధపడుతుందని చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని దొంగచాటుగా వినేవాడు. అవెక్కడ పోతాయోనని, ఇంట్లోనే అవన్నీ దాచిపెట్టే ఓ స్టోరేజీ సర్వరు తయారుచేయడానికి పూనుకున్నాడు.

సామానంతా తనే ఏరాడు. ఆఫీసువాళ్ళు తీసేసిన కంప్యూటరు పెట్టె తెచ్చాడు. ఫ్యానుని చెవి దగ్గర పెట్టుకుని, చప్పుడు విని మరీ కొన్నాడు. ఇక రెండు డిస్కులు కావాలి. ఒకదాంట్లో పడ్డది రెండోదాంట్లోనూ పడుతుంది, ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది.

"మేస్త్రిగారూ, రెండూ ఒకే అట్టపెట్టెలోవి వద్దండీ," అన్నాడు కంప్యూటర్ల కొట్టతను. "ఒకేసారి తయారైనవి ఒకేసారి పోయే ప్రమాదం ఉంది. ఒకటి వేరే కంపెనీది తీసుకోండి."

"జోడీ కలవకపోతే ఎలాగయ్యా?"

"ఇది బండి కాదు కదండీ!"

మేస్త్రి పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. సీరియల్ నంబర్లు పక్కపక్కన ఉన్న రెండు డిస్కులు వెతికి పట్టుకెళ్ళాడు. అన్నీ ఎక్కించాక పాత ఫోన్లలోవన్నీ చెరిపేసి వాటిని ఎవరికో ఇచ్చేశాడు.

మూడో ఏడు ఓ ఆదివారం పొద్దున ఒక డిస్కు పోయింది. మేస్త్రి కంగారుపడలేదు. కొత్తది తెచ్చి బిగిస్తే, రెండోదాంట్లోంచి దాంట్లోకి ఎక్కడం మొదలైంది. నలభై శాతం దాటాక ఆ రెండోది టిక్కుటిక్కుమంది. బతుకంతా ఇంజన్ల చప్పుడు విన్న మనిషికి ఆ చప్పుడేమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆపి, విప్పి, కొట్టుకి పరిగెత్తాడు.

"లోపలంతా గీసుకుపోయిందండీ. దీంట్లోంచి ఇంకెవరూ ఏమీ తీయలేరు, కొత్తదాంట్లో సగం ఎక్కిందీ పనికిరాదు," అన్నాడు కొట్టతను. నేనప్పుడే చెప్పానని అనలేదు. అనుంటే బాగుండేది, తిట్టుకోవడానికి ఒక మనిషైనా దొరికేవాడు.

ఇంటికొచ్చి కూలబడితే ఆవిడ బుక్కు తెచ్చింది. 'ఏమైంది?'

"డిస్కులు పోయాయి. రెండూ."

'పోతే పోయాయి. అందులో ఏమున్నాయి?'

మొదటిసారి ఆవిడకి గొంతు పోతుందని చెప్పడానికి డాక్టరున్నాడు. అప్పుడు మేస్త్రి ఆసుపత్రి వరండాలో నిలబడి తప్పించుకున్నాడు. ఈసారి చెప్పాల్సింది తనే.