దొరకని హీలియానికి గొంగడి

సూర్యాపేట డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే స్వర్ణకు తిప్పలు ఒక్క ఫోన్‌తో మొదలయ్యాయి. "దొరికింది నాయినా!" అంది. పెద్దవూర దగ్గర గొర్రెల వెంట నడుస్తున్న తండ్రి ఎర్రయ్యకు ఏం దొరికిందో తెలియదు. బిడ్డకు దొరికింది, అంతే చాలు. వారం తిరక్కముందే గొర్రెల కాపరుల సంఘం సన్మానమంటూ మిర్యాలగూడ నిండా ఆమె ఫ్లెక్సీలు లేపింది.

దొరికిందనుకున్నది హీలియం-3. ముసలి నక్షత్రం పోతూ పోతూ వదిలే వాయువుల మేఘాన్ని గ్రహ నీహారిక అంటారు. పేరేగానీ గ్రహాలతో దానికి సంబంధం లేదు. అందులో ఈ తేలిక రకం హీలియం ఎంతుందో రేడియో టెలిస్కోపుతో కొలవాలని ఆమె ఏళ్లుగా తంటాలు పడుతోంది. గ్రాఫులో చిన్న బొడిపె లేచింది, అదే హీలియం జాడ అనుకుంది. అదే టెలిస్కోపును ఖాళీ ఆకాశం వైపు తిప్పి తీసిన డేటా కూడా ఆమె దగ్గరే ఉంది. ముందు అది చూడాలి. చూడలేదు, చూడబుద్ధి కాలేదు. సన్మానం నాటి పొద్దున చూసింది. మేఘం లేని చోటా అదే బొడిపె! అది యంత్రం తనంతట తాను చేసుకున్న అలికిడి.

గొర్రెల కాపరుల సంఘం శాలువా కప్పదు, గొంగడి కప్పుతుంది. ఆడమనిషికి కప్పడం అదే మొదలు. మైకు అందుకున్న స్వర్ణ, "బేస్‌లైన్ రిపుల్ వల్ల డిటెక్షన్ స్టాటిస్టికల్‌గా నిలబడకపోవచ్చు" అంది. ఎవరికీ అర్థం కాని మాటలే ఏరుకున్నానని ఆమెకు తెలుసు.

"సూసిండ్రా, గింత సదివి గూడ ఎంత అణకువో!" అంటూ సంఘం అధ్యక్షుడు మంగయ్య గొంగడి కప్పేశాడు. చప్పట్లు. మన సభల్లో నిజం ఒప్పుకున్నా వినయం కిందే జమ.

బస్టాండులో ఎర్రయ్య అడిగాడు. "గాడ ఏం జెప్పినవ్ బిడ్డా? అంత ఇంగిలీసుల కొట్టినవ్."

"ఏం దొరకలే నాయినా. నేనే సక్కగ సూడలే."

"ఎప్పుడు ఎరుకైంది?"

"పొద్దుగాల."

"అంటే, కప్పకముందే."

ఆమె ఒంటి మీది గొంగడి తీసి మడిచింది. పెద్దవూర బస్సు వచ్చింది, పోయింది. ఎర్రయ్య ఎక్కలేదు.

"నువ్వే ఇచ్చేసి రా నాయినా. నాకు మొహం చెల్లదు."

"నాకు గప్పలే గద," అంటూ లేచాడు ఎర్రయ్య. "నడువ్. నాకు సమజయ్యేటట్టు జెప్పినవ్ సూడు, గట్లనే జెప్పు."

గొంగడి చంకన పెట్టుకుని ఆమె తండ్రి వెనకే నడిచింది. ఫంక్షన్ హాల్లో ఇంకా భోజనాలు సాగుతున్నాయి. ఆమెను చూసి మంగయ్య, "రా అమ్మా, రా! మేడమ్‌కు విస్తరెయ్యుండ్రి!" అని కేకేశాడు.