తోడికోడలి మేక పాలు

పొద్దున్నే ఫోన్ మోగితే చూశాను. మా మేకల సంఘం గ్రూపులో మెసేజి: "శనివారం తూకం అండి. మేకపిల్లల్ని పెందలాడే తోలుకురండి." కింద మా తోడికోడలు అందరికంటే ముందే దండం బొమ్మ పెట్టేసింది. ఇంత వయసొచ్చినా నాకు కడుపులో మంట మొదలైంది.

మాది కొవ్వూరు దగ్గర కాలవ గట్టు మీది ఊరు. వేరుపడ్డాక మా రెండు దొడ్లకీ మధ్య ఒక తడికే అడ్డం. సంఘం లేని రోజుల్లో దళారి ఇంటింటికీ వచ్చి, తుండుగుడ్డ కింద మగవాళ్ల వేళ్లు నొక్కి బేరం తేల్చేవాడు. ఏ పిల్ల ఎంతకి పోయిందో పక్కింటికి తెలిసేది కాదు. మర్నాడు తడిక అవతల నుంచి ఆవిడ, "ఏదో, బాగానే వచ్చిందిలే అక్కా" అని నవ్వేది. ఆ బాగానే ఎంతో తెలియక నాకు అన్నం సయించేది కాదు. నేను కోసేదీ అదే అవిసాకు, ఆవిడ మేకలకి మాత్రం ఆ నిగనిగలు ఎక్కడివో!

అందుకే సంఘం పెట్టినప్పుడు ఊళ్లో అందరికంటే సంబరపడింది నేనే. పిల్లలన్నిటినీ ఒకే దొడ్లోకి తోలి, సైజును బట్టి వేరుచేసి, అందరి ఎదుటా తూచి, అందరికీ కిలోకి ఒకే ధర. ఇంక ఆవిడ నవ్వుకి పనేముంది అనుకున్నాను.

తొలి తూకం నాడు రాజమండ్రి నుంచి వచ్చిన వ్యాపారి మందంతా చూసి పెదవి విరిచాడు. బేరం తెగేలా లేదు. అంతలో ఒక నల్ల పోతుపిల్ల వీపు నిమిరి ఆగిపోయాడు. "ఇలా పెంచే ఊరైతే మీరడిగిన ధరే ఇస్తానండి. ఇదెవరిది?" అన్నాడు.

అది మాదే. కానీ దాని తల్లికి పాలు పడకపోతే, మా తోడికోడలే తన మేక కాళ్లు పట్టుకుని పూటపూటా తాగించింది. ఊరందరికీ తెలిసిన సంగతే కాబట్టి అందరూ ఆవిడ వైపు చూశారు. నేను గొంతు సవరించుకునే లోపే ఆవిడ, "మా అక్కదండి. చంటిబిడ్డలా సాకింది" అని అదే నవ్వు నవ్వింది.

బేరం తెగింది. ఊరంతా నన్ను మెచ్చుకుంది. ఇంటికొచ్చి గిన్నెలు ఎత్తెత్తి వేస్తుంటే, "మెప్పొచ్చిందిగా, ఇంకా ఏంటి ఏడుపు?" అన్నారు మావారు. పాలు ఆవిడ మేకవని నేను చెప్పి మంచిదాన్ని అనిపించుకోవాల్సింది. అదీ ఆవిడే ముందు పట్టుకుపోయింది.

ఇప్పుడు తడిక పోయి గోడ వచ్చింది. కాలం ఊళ్లో ధరలన్నీ బయటపెట్టింది గానీ, ఆనాటి ఆవిడ నవ్వు మాత్రం ఇంకా తుండుగుడ్డ కిందే ఉంది.