ఓరచూపుకు దొరికిన ఆండ్రోమెడా

మా ముత్తాత ఏడూళ్లకు దేశ్‌ముఖ్. మా తాత ముందు ఆర్మూరు పసుపు వ్యాపారులు కుర్చీలో కూర్చునేవారు కాదు. తాత బొంబాయి నుంచి తెప్పించుకున్న ఇత్తడి దుర్బీను నా దాకా వచ్చింది. దాంట్లో ఆండ్రోమెడా గెలాక్సీని చూశానని తాత చెప్పేవాడు. నాన్నా చూశానన్నాడు. అడిగినవాళ్లకు నేనూ అదే చెప్పాను. నిజానికి నాకు అదెప్పుడూ కనబడలేదు.

ఎనభైల చివర్లో, ఒక జనవరిలో, దాన్ని అమ్మకానికి పెట్టాను. పోచంపాడ్ డ్యామ్ దగ్గర పనిచేసే ఇంజనీరు ఒకాయన కొంటానన్నాడు. ఆండ్రోమెడాను చూపించాలన్నది ఒక్కటే షరతు. మూడు తరాలుగా మేం చెప్పిన మాట నిలబడాలంటే ఆ సాయంత్రం అది కనబడి తీరాలి.

చీకటి పడింది. కరెంటు లేదు. లాంతరు కూడా ఆర్పించాను. పసుపు ఉడకబెట్టే కడాయిల పొగ పలచబడ్డాక, పగలే చూసి పెట్టుకున్న నక్షత్ర పటం ప్రకారం వాయవ్యానికి గురిపెట్టాను. ఇంజనీరు చాలాసేపు కన్ను ఆనించి చూశాడు.

"ఏమీ లేదండీ. తాతగారు చూసిందేమిటో మరి!" అన్నాడు.

నేనూ చూశాను. పాత అద్దాల మసకలో నాలుగు చుక్కలు, మిగతా అంతా నలుపు.

మా అరుగు మీద బీడీలు చుట్టే ముసలామె, లాంతరు ఆరిపోయి పని ఆగడంతో లేచి వచ్చింది. ఒకప్పుడు మా ఇంట్లో పనిచేసిన మనిషే.

"జర నన్ను జూడనియ్యి దొరా."

వంగి చూసి, కాసేపటికి అంది: "గిదేనా? తెల్లగ మబ్బుతునక లెక్క ఉన్నది. నడుమ జర చిక్కగ."

"ఎక్కడ?" అన్నాను.

"సక్కగ జూస్తే మాయమైతది. అంచు దిక్కు జూడు, నడుమల గదే వస్తది."

"నీకెట్ల తెలిసింది?"

"మీ తాత ముంగట ఎట్ల నిలవడ్డమనుకున్నవ్? మొకం దిక్కు సక్కగ జూస్తే ఊకుంటుండెనా? మాది ఓరచూపే దొరా."

ఇంజనీరు పగలబడి నవ్వాడు. నేను నవ్వలేదు. ఎదుటివాడి కళ్లలోకి చూసి మాట్లాడమని నేర్పి నన్ను పెంచారు. వంగి, గొట్టంలో కనబడే వలయం అంచు వైపు చూశాను.

వచ్చింది. ఏటవాలుగా పరుచుకున్న కోలటి వెలుగు, మధ్యలో చిక్కగా, అంచుల్లో ఎక్కడ అయిపోయిందో తెలియకుండా. ఫోటోల్లో దాని చేతులు సుడి తిరిగి ఉంటాయి, వాటి మధ్య నల్లటి ధూళి చారలుంటాయి. నా దుర్బీనులో అవేవీ లేవు. ఆండ్రోమెడా మన పాలపుంత లాంటిదే, అంతకన్నా పెద్దది. పళ్లెం వంచి పట్టుకున్నట్టు మనకు పక్కనుంచి కనబడుతుంది కాబట్టి కోలగా ఉంటుంది. ఆ వెలుగు అక్కడ బయలుదేరి ఇరవై లక్షల ఏళ్లు దాటింది. చూపు నేరుగా నిలిపితే పోయింది, పక్కకు జరిపితే వచ్చింది. తాతా నాన్నా నిజంగా చూశారో లేదో నాకు తెలియదు.

ఎలా చూడాలో ఇంజనీరుకు నేనే చెప్పాను, ఆమె మాటల్లోనే. ఆయన ఈసారి నవ్వలేదు. "ఉందండీ," అన్నాడు.

మరునాడు పొద్దున జీపు పంపాడు. దుర్బీను, మూడుకాళ్ల స్టాండు, టేకు పెట్టె ఆయనకు అమ్మేశాను.