ఆగమ్మ మోకాలెత్తు గోడ

ఖుష్నుమా గీసిన మొదటి నక్షాలో నాలుగు బెంచీలున్నాయి. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఒక మందుల కంపెనీ తన గేటు ముందున్న ఖాళీ జాగాలో తోట పెట్టించాలనుకుంది. పనిని పాలిటెక్నిక్ చివరి ఏడాది విద్యార్థులకిచ్చింది. నక్షా వాళ్లే గీయాలి, దగ్గరుండి వాళ్లే కట్టించాలి. అయిపోయాక కంపెనీ అనుభవ సర్టిఫికెట్ ఇస్తుంది. అది తెస్తే ఉద్యోగమిస్తామని మియాపూర్‌లో ఒక ఆఫీసు ఖుష్నుమాకు మాటిచ్చింది. ఆటో నడిపే ఆమె తండ్రి బాబా మియా ఇంట్లో అప్పుడే మిఠాయి పంచేశారు.

మేనేజర్ వెంకటరామయ్య బెంచీల మీద ఎర్ర గీత కొట్టాడు.

"ఇవి తీసెయ్యమ్మా. బెంచీలు వేస్తే అందరూ వచ్చి కూర్చుంటారు."

"కూసుండెతందుకే గద సార్ బెంచీలు?"

"తోట చూడ్డానికి. కూర్చోడానికి కాదు."

గేటు తెరిచేదాకా, మళ్లీ షిఫ్టు దిగాక ఆటోలు వచ్చేదాకా, కాంట్రాక్టు ఆడవాళ్లు కూర్చునేది మురుగు మోరీ పొట్టి గట్టు మీద. ప్యాకింగ్‌లో పనిచేసే, మోకాళ్లు అరిగిన ఆగమ్మ అక్కడ కూర్చోగలదు గానీ, ఒకరు చెయ్యందిస్తే తప్ప లేవలేదు.

ఖుష్నుమా బెంచీలు తీసేసింది. మొక్కల మడి చుట్టూ పొట్టి గోడ గీసింది. మట్టి కొట్టుకుపోకుండా అని చెప్పింది. అది అబద్ధమేమీ కాదు. నక్షా మీద మేనేజర్ సంతకం పడింది. గోడ ఎత్తు ఎంతుండాలో తేల్చడానికి మాత్రం ఇటుకలు పేర్చి ఆగమ్మను కూర్చోబెట్టింది.

"లెవ్వు అక్కా."

"ఇదేంది బిడ్డా, పెండ్లిసూపులా? కూసో అంటవు, లెవ్వు అంటవు."

మరో వరుస పేర్చింది. ఆగమ్మ మోకాలు పట్టుకోకుండా లేచిన చోట ఆపింది.

గోడ లేచింది. పైన వెడల్పాటి షాబాద్ బండలు పరిచారు. షిఫ్టు దిగిన ఆడవాళ్లు టిఫిన్ సంచులతో వచ్చి కూర్చున్నాక గానీ వెంకటరామయ్యకు సంగతి తెలియలేదు. మర్నాడు బండల మీద మొనదేలిన రాళ్లు నాటమని మేస్త్రీ పోచయ్యకు చెప్పాడు. పోచయ్య సిమెంటు, ఇసుక కలిపి మాల్ తట్టకెత్తేసరికి షిఫ్టు వదిలారు. ఆగమ్మ వచ్చి గోడ మీద కూర్చుంది. ఆమె వెంట మిగతావాళ్లూ కూర్చున్నారు.

"లేవండమ్మా, పనుంది" అన్నాడు వెంకటరామయ్య.

"ఆటో రాలే సార్."

ఆయన ఖుష్నుమా వైపు తిరిగాడు. "లేవమని నువ్వు చెప్పు. నీ సర్టిఫికెట్ మీద సంతకం ఎవరిదో తెలుసు కదా."

ఆగమ్మే ముందు కంగారుపడింది. "నీ కాగితం పోతది బిడ్డా. లేస్త తియ్."

"నువ్వు లెవ్వకు అక్కా" అని ఖుష్నుమా ఆమె పక్కనే కూర్చుంది.

ఆటోలు వచ్చాయి. హారన్లు మోగించాయి. ఎవరూ కదల్లేదు. బాబా మియా తన ఆటోలోంచి కూతురిని చూసి ఇంజను ఆపేశాడు. చాలాసేపటికి పోచయ్య తట్టను తాపీతో గుచ్చి చూశాడు.

"మాల్ గట్టివడ్డది సార్. ఇగ పనికిరాదు."

మళ్లీ కలపమని చెప్పకుండానే వెంకటరామయ్య గేటు లోపలికి వెళ్లిపోయాడు. తర్వాత ఆ రాళ్ల మాట ఎత్తనూ లేదు. తోటివాళ్లందరికీ సర్టిఫికెట్లిచ్చి, ఖుష్నుమాకు ఇవ్వలేదు. ఆమె గోడ ఫొటోలు పట్టుకుని మియాపూర్ ఆఫీసుకు వెళ్లింది. కబురు చేస్తామన్నారు.

"కబురొచ్చిందా?" అని ఆగమ్మ కనబడ్డప్పుడల్లా అడుగుతుంది.

"ఇంకా రాలే అక్కా."

"రాకుంటే రాకపాయె. వాళ్ల గేటు ముందట గూడ ఓ గోడ కడుదాం."