తోక ఉంచిన ముడి

మా నాయన ఆ ఓడ గురించి అడిగిన మొదటి మాట, అది మునుగుతుందా అని కాదు. "కుట్టినారంటివే, ఏం దారంతో?" అని.

నేను ఎమ్మిగనూరులో మగ్గం ఉన్న ఇంట్లో పుట్టాను. విశాఖలో చదువుకునేటప్పుడు తెరచాప పడవ నడపడం నేర్చుకున్నాను. ఆ పిచ్చే నన్ను ఈ ఓడ దాకా తీసుకెళ్లింది. మేకు అన్నదే లేకుండా, పాతకాలం పద్ధతిలో, చెక్క పలకలను కొబ్బరి తాడుతో కుట్టి కట్టిన ఓడ అది. ఇంజను లేదు. గాలిని నమ్ముకుని అరేబియా సముద్రం దాటి ఒమన్ చేరాలి. దాని సిబ్బందిలో నాకు చోటు దొరికింది.

"కుట్టింది యాదైనా ఒకనాటికి ఊడిపోతాది పాపా," అన్నాడు నాయన, నేత ఆపకుండానే. "కోసిగి ఊరోళ్లు వానల్లేక మూటలు కట్టుకోని ఊరిడిసి పోతాండారంటే కడుపు కోసం. నీకేం కరువొచ్చింది?"

నాకు ఒళ్లు మండింది. కడుపు కోసం పోతేనే ప్రయాణమా అని ఎదురు తిరిగాను. ఆ రోజు నుంచి ఆయన నాతో మాటలు మానేశాడు. మా ఇంట్లో ఎవరు గడప దాటినా, సంతకు పోయినా సరే, ఉన్నవాళ్లు "పోయిరా" అనాలి. శిక్షణకు బయలుదేరిన రోజు అమ్మ అంది. నాయన అనలేదు. ఆదోనిలో రైలెక్కేదాకా నా చెవులు ఆ మాట కోసం వెతుకుతూనే ఉన్నాయి. నేనెంత మొండిదాన్నైనా, అది వినకుండా నడిసముద్రంలోకి పోలేనని అప్పుడే తెలిసింది.

పడమటి తీరంలో శిక్షణ. రెండు తాళ్లను కలిపే ముడి చూపించినప్పుడు నవ్వొచ్చింది. అది మా ముడే. మగ్గం మీద పడుగులో, అంటే నిలువు దారాల్లో, ఒకటి తెగితే అతికే ముడి. నాకు మాటలతో పాటు వచ్చిన ముడి. కళ్లు మూసుకుని వేసి చూపిస్తే అందరూ చప్పట్లు కొట్టారు. నేను కాస్త విర్రవీగాను కూడా.

కొన్నాళ్లకు, తీరం వెంబడి సాధన చేస్తుండగా గాలి పెరిగింది. తెరచాపను బిగించే తాడు చాల్లేదు. దానికి ఇంకో తాడు ముడేశాను. వేసి, మిగిలిన కొసలను చాకుతో మొదలంటా కోసేశాను. ఆలోచించి చేసింది కాదు. మగ్గంలో దారాలు దువ్వెనలాంటి అచ్చు పళ్ల మధ్య సన్నటి సందుల్లోంచి పోవాలి. ముడికి కొస మిగిలితే అది అక్కడ చిక్కుకుని పక్క దారాలను తెంపుతుంది. అందుకే మావాళ్లు ముడి వేసీ వేయగానే కొసను పంటితో కొరికేస్తారు. కొస తెగితే గానీ, నా చేతికి ముడి పూర్తయినట్టు కాదు.

తెరచాప గాలికి రెండుసార్లు కొట్టుకునేసరికి ముడి జారిపోయింది. తాడు కొరడాలా లేచి నా పక్కవాడి కణతను రాసుకుంటూ పోయింది. ఇంకాస్త ఇటుగా వచ్చి ఉంటే అతని కన్ను పోయేది.

కాకినాడ వైపు మనిషి మా కెప్టెన్. ఆ తాడును నా ముఖం ముందు పెట్టాడు. "తోక ఏదమ్మా దీనికి? జానెడు తోక వదలకపోతే ముడి నిలబడదు. ఇంకోసారి ఇలా చేశావంటే నిన్ను ఒడ్డునే దింపేసి వెళ్లిపోతాను."

ఆ రోజు నుంచి ఓడ మీద ఎవరికి కోపమొచ్చినా, "ఈమెను పిలవండ్రా, వాడి తోక కత్తిరిస్తుంది," అనేవాళ్లు. ఎగతాళిని భరించాను. భయాన్ని భరించలేకపోయాను. నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది. వేసిన ముడిని మళ్లీ మళ్లీ తడుముకునేదాన్ని. అన్నం తినేటప్పుడు కూడా ఒళ్లో తాడు ముక్క ఉండేది. కోయకు, కోయకు అని వేళ్లకు చెప్పుకునేదాన్ని.

ఓడ బయలుదేరే ముందు ఒకసారి ఇంటికి పోయి రమ్మన్నారు. నేను వెళ్లేసరికి నాయన మగ్గం గుంటలో కూర్చుని ఉన్నాడు. పడుగులో దారాలు తెగి ఉన్నాయి. చూపు ఆనడం లేదేమో, "రా పాపా, ఈ దారాలు అతుకు," అన్నాడు. ఆయన మాట కలిపినందుకే ప్రాణం లేచొచ్చింది. గబగబా ముళ్లు వేసేశాను. నాయన నేయడం మొదలుపెట్టాడో లేదో, పక్క దారాలు పటపట తెగాయి.

మగ్గం ఆపి వంగి చూశాడు. నేను వేసిన ప్రతి ముడికీ పొడుగాటి కొస వేలాడుతోంది. తిడతాడనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను.

"ఏంది పాపా ఇది? కొసలు మర్సినావా?"

"ఆడ కోయగూడదు నాయనా. కోస్తే ముడి జారిపోతాది. మనుసులకు దెబ్బలు తగుల్తాయి."

ఆయన ఆ కొసలను వేళ్ల మధ్య నలిపి చూశాడు. తర్వాత మెడ వంచి, ఒక్కొక్కటే పంటితో కొరికేశాడు. కొత్తగా తెగిన దారాలను తనే తడుముకుంటూ అతికాడు.

"నీ చేయి ఎప్పుడో ఆడికి పోయిండాది," అన్నాడు. "ఈడ నీ ముడి పనికిరాదు. పోయిరాపో."

ఆ మాట కోసమే వచ్చాను. విన్నాక లేవలేకపోయాను. మగ్గం మళ్లీ ఆడింది. కాసేపటికి ఇంకో దారం తెగింది. అలవాటుగా చేయి చాచాను. నాయన నా చేతిని మెల్లగా పక్కకు తీసి, దారం తనే అందుకున్నాడు.