మాస్టారి గదిలో గొంతు

మాస్టారు పోయిన మూడో నెలలో వాళ్లావిడ నా షాపుకి ఫోన్ చేశారు. ఆయన హైస్కూల్లో నాకు ఇంగ్లీషు చెప్పారు. నేను అమలాపురంలో కంప్యూటర్లు బాగుచేస్తాను.

"బాబూ, గదిలో అది మాట్లాడుతోంది. ఒకసారి వచ్చి వెళ్తావా?" అన్నారు.

అదంటే ఏదో నాకు తెలుసు. నేను పెట్టిన గొంతే.

రిటైరైన కొన్నేళ్లకి మాస్టారికి చూపు పూర్తిగా పోయింది. ఆయన కోసం ఒక పాత కంప్యూటర్‌లో విండోస్‌కి బదులు లినక్స్ ఎక్కించి, వాళ్ల ఊరు మామిడికుదురు తీసుకెళ్లాను. స్విచ్ వెయ్యగానే ముందు లేచేది దాని కెర్నల్, అంటే మిగతా అన్నిటినీ నడిపించే అసలు భాగం. లేచేటప్పుడు ఎలా నడుచుకోవాలో చెప్పే మాటలు దానికి ఒక వరుసలో రాసిపెట్టొచ్చు. ఆ వరుస చివర నేనొక మాట చేర్చాను: తెర మీద పడిన ప్రతిదీ పైకి చదవమని. చూపులేని మనిషికి యంత్రం లేస్తోందో, మధ్యలో ఆగిపోయిందో మొదటి నుంచీ తెలియాలని నా ఉద్దేశం. కరెంటు పోయి వస్తే దానంతటదే లేచేలా కూడా పెట్టాను. ఇంటర్నెట్‌లో ఇంగ్లీషు పేపరు తెరిచి వినడం నేర్పాను. ఆ రోజు మాస్టారు నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆ సంగతి ఎంతమందికి చెప్పుకున్నానో!

నేను వెళ్లేసరికి గాలికి కొబ్బరి మట్ట తీగల మీద పడి వీధంతా కరెంటు లేదు. అమ్మగారు వరండాలోనే కూర్చున్నారు.

"ప్లగ్గు తీసెయ్యకపోయారా అండీ?"

"తీసేను బాబూ. రెండు రోజులు ఉంచేను. ఆయన నోరు నొక్కేసినట్టు అనిపించి మళ్లీ పెట్టేసేను. పక్కింటావిడ ఏమో ఆయన ఆత్మే తిరుగుతోందని ప్రార్థన పెట్టించమంటోంది."

అంతలో కరెంటు వచ్చింది. లోపలి గదిలో గొంతు మొదలైంది. ఎత్తూ పల్లమూ లేని ఇంగ్లీషు, మధ్యలో అంకెలు, మళ్లీ మాటలు. దాన్ని పెట్టినవాణ్ణి నేనే అయినా ఒక అడుగు వెనక్కి వేశాను. ఖాళీ గదిలో ఎవరో ఎవరికో హడావిడిగా లెక్క అప్పజెబుతున్నట్టుంది. అమ్మగారు లేచి, పెదవులు బిగించి, ఆ గది గుమ్మం పక్కన నిలబడిపోయారు. అది ఆగేదాకా కదల్లేదు.

నేను లోపలికెళ్లి కూర్చుని కంప్యూటర్‌ను మళ్లీ లేపాను. మొదట్లో వచ్చే జాబితా దగ్గర ఆపి, ఆ వరుసలోంచి నా మాట చెరిపాను. అక్షరాలు నిశ్శబ్దంగా పైకి పరిగెత్తాయి.

"ఇంక మాట్లాడదు కదా?"

అబద్ధం చెప్పబోయి ఆగాను. "ఈ ఒక్కసారికే అండీ. ఇక్కడ చెరిపితే అంతే. మళ్లీ కరెంటు పోయి వస్తే మాట్లాడుతుంది. పూర్తిగా తియ్యాలంటే లోపలున్న ఫైల్లో తియ్యాలి."

"మరి తియ్యలేదేం?"

"మాస్టారి గుర్తు కదండీ."

ఆవిడ తల అడ్డంగా ఊపారు.

"నీకు తెలీదు బాబూ. ఇది రాకముందు నాలుగేళ్లు ఆయనకి ఇంగ్లీషు పేపరు చదివింది నేనే. నేను పదో తరగతితో ఆపేసినదాన్ని. మాటమాటకీ తప్పే. ఆయన దిద్దేవారు, ఇద్దరం నవ్వుకునేవాళ్లం. పొద్దున్నే టీ తాగి కూర్చుంటే పన్నెండయ్యేది. ఇది వచ్చేక ఇంక నన్ను చదవమన్లేదు. ఇది తప్పు చదవదు కదా! ఇది మాట్లాడుతుంటే నన్ను 'ఉష్' అనేవారు. అదిగో, ఆ గుమ్మం దగ్గరే నించునేదాన్ని, ఎప్పుడు ఆగుతుందా అని."

"నాకొక్క మాట చెప్పలేదేం అమ్మగారూ?"

"ఆయన సంతోషంగా ఉన్నారు. నువ్వూ సంతోషంగా ఉన్నావు."

నేను వచ్చినప్పుడల్లా టీ ఇచ్చి, "బాగా పని చేస్తోందా అండీ?" అంటే "ఆయ్" అనేవారు ఆవిడ. ఆ ఒక్క ముక్కే నాకు మెప్పులా వినిపించేది.

ఫైలు తెరిచి ఆ మాట తీసేశాను. మార్పు నిలిచేలా చేసి, మళ్లీ లేపి చూపించాను. చప్పుడు లేదు. ఆవిడ దగ్గరికి వచ్చి, వంగి, తెర మీద నిలిచిన వరుసని కూడబలుక్కుంటూ పైకి చదివారు. ఒక మాట తప్పు పలికి, చటుక్కున ఆగి, కుడి పక్కకి తిరిగారు. అక్కడ మాస్టారి పడక్కుర్చీ మాత్రమే ఉంది. ఆ మాట సరిగ్గా ఎలా పలకాలో నాకు తెలుసు. చెప్పలేకపోయాను.

అప్పటి నుంచీ ఆ ఇంట్లో గొంతు లేదు. పక్కింటావిడ ప్రార్థన మాట మానేసిందట. నాకు మాత్రం షాపులో కరెంటు వచ్చిన ప్రతిసారీ, అన్ని కంప్యూటర్లూ ఒకేసారి గుయ్యిమంటూ లేస్తుంటే, చేతిలో పని ఆగిపోతుంది. వాటి వెనకాల, గుమ్మం దగ్గర, పెదవులు బిగించి ఎవరో నిలబడి ఉన్నట్టుంటుంది. తల తిప్పి చూడటానికి ధైర్యం చాలదు.